వెనక్కి తిరిగే చోట

సాయిలు మోకాళ్ళ మీద కూర్చుని, మగ్గంలో తెగిన పోగును లాగే సన్నటి కొక్కెంతో స్క్రూ రాడ్డు గాడిలోంచి నూలు పీకుతున్నాడు. నిన్న సాయంత్రం ఆ నూలు అక్కడ చుట్టింది ఆయనే. ఇవాళ పొద్దున్నే పీకుతున్నదీ ఆయనే. ఎవరినైనా నాలుగు తిట్లు తిట్టి మనసు చల్లబరుచుకుందామంటే, తిట్టడానికి రెండో మనిషి లేడు.

మగ్గాలు బాగుచేసే మేస్త్రీని షోలాపూర్‌లో జాబర్ అంటారు. ఇరుసు అరిగి బుష్షులో ఊగుతుంటే, కొత్త బుష్షు వచ్చేదాకా జాబర్ అనేవాడు చేతులు ముడుచుకుని కూర్చోడు. గుప్పెడు నూలు నూనెలో ముంచి, ఆ సందులో చుట్టి బిగించి, ఆ షిఫ్టు గట్టెక్కిస్తాడు. సాయిలు బతుకంతా అలాంటి సందులు పూడ్చడంతోనే గడిచింది. ఆ చేత్తోనే నిన్న ఈ బొమ్మ మెషిన్ నట్టులోకీ నూలు కుక్కాడు. మొదటి అక్షరం ముత్యంలా వచ్చింది. ఆయన మీసం కూడా దువ్వుకున్నాడు. రెండో అక్షరానికల్లా నూలు నూనె తాగి ఉబ్బింది, నట్టు పట్టేసింది, మోటారు మూలిగింది, ‘మార్కండేయ’లో ‘ర్కం’ వెళ్ళి ‘మా’ ఒళ్ళో కూర్చుంది. లక్షణమైన టేకు పలక పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయింది.

మెషిన్ అంటే పెద్దదేమీ కాదు, కుట్టుమిషన్ బల్లంత ఉంటుంది. పైన గిర్రున తిరిగే సన్నటి ములికి, కింద పలకను పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిగే ఒక చిన్న బల్ల. కంప్యూటర్‌లో అక్షరం గీస్తే పొడవాటి స్క్రూ రాడ్డు తిరిగి బల్లను జరుపుతుంది, ములికి చెక్కుతుంది. పుణెలో ఎవరో మోజు తీరాక అమ్ముకుంటుంటే శ్రీధర్ సేటు కొడుకు ఓంకార్ దీన్ని కొనుక్కొచ్చాడు. ముప్ఫై దాటినవాడు, డిప్లొమా చదివినవాడు, అయినా అవతలివాడు ఎందుకు అమ్ముతున్నాడని ఒక్క మాట అడగలేదు. తెచ్చి అశోక్ చౌక్ వెనక సందులో తండ్రి మగ్గాల షెడ్డు ముందు గదిలో పెట్టాడు. అప్పటికే వెనక మగ్గాలు ఆగిపోయి ఖాళీగా ఉన్న సాయిలును దీని దగ్గర కూర్చోబెట్టాడు.

మెషిన్‌కు రోగం ఒక్కటే. రాడ్డుకూ ఇత్తడి నట్టుకూ మధ్య వెంట్రుకవాసి సందు. దాన్ని వీళ్ళు ‘ప్లే’ అంటారు. ఒకే దిక్కు పోతున్నంతసేపూ బల్ల బుద్ధిగా ఉంటుంది. వెనక్కి తిరగమన్నప్పుడే వస్తుంది తంటా. రాడ్డు అప్పటికే తిరిగేస్తుంది, బల్ల మాత్రం ఒళ్ళు విరుచుకుని గానీ లేవని బద్ధకస్తుడిలా ఒక్క క్షణం ఉన్నచోటే ఉంటుంది. ఆ ఒక్క క్షణంలో గుండ్రంగా రావలసిన గీత మెట్టులా విరుగుతుంది.

మొన్నటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. వచ్చినవన్నీ మరాఠీ నేమ్ ప్లేట్లు. నెత్తిన అడ్డగీత, పక్కన నిలువుగీత, ఉన్న కాసిని వంపులూ వాటి మధ్య ఎలాగో సర్దుకుపోయేవి. తెలుగు బోర్డు వచ్చేసరికి బండారం బయటపడింది. మన అక్షరాలు చేసిన దేవుడు ఆ రోజు స్కేలు ఇంట్లో మరిచిపోయి వచ్చినట్టున్నాడు. ఎక్కడ చూసినా తిరగడమే. తిరిగిన చోటల్లా మెట్టే. ‘మహిళా’ అన్న మూడక్షరాల్లో ఎన్నిసార్లు వెనక్కి తిరగాలో లెక్కపెట్టబోయి ఓంకార్ మధ్యలోనే మానేశాడు. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. అక్షరం బాగుందో లేదో చెప్పవలసింది సాయిలే.

ఆ బోర్డు తెచ్చిపెట్టింది ఎవరో కాదు, సాయిలు భార్య బాలమణి. కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఒక పొదుపు సంఘం పెట్టుకున్నారు. దాని గదికి బోర్డు కావాలి, అది తెలుగులోనే కావాలి. ‘మార్కండేయ మహిళా బచత్ గట్’. మా ఆయన మెషిన్ మీద చెక్కిస్తాడని బాలమణి పదిమందిలో మాట ఇచ్చి వచ్చింది. ఇవాళ సాయంత్రమే గది తెరవడం.

ఇంతవరకైతే ఇంటి గొడవ. ఇంటి గొడవలకు సాయిలు భయపడే మనిషి కాడు. అసలు భయం వేరే ఉంది. దీపావళి నుంచీ ఆగిపోయిన నాలుగు మగ్గాలనూ శ్రీధర్ సేటు స్క్రాపుకు ఇచ్చేశాడు. పొద్దున్నే మనుషులు వచ్చి వెనక షెడ్డులో విప్పడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి లారీ వస్తుంది. షెడ్డు మొత్తం గోదాముకు అద్దెకిమ్మని ఎవరో అడుగుతున్నారు. నిన్న ఆ చెడిన పలకను చూసి సేటు తేల్చి చెప్పాడు. లారీ కదిలేలోపు ఒక్క బోర్డు సరిగ్గా వస్తే ముందు గది ఓంకార్‌కు వదిలేస్తాడు. రాకపోతే మెషిన్ కూడా లారీ ఎక్కుతుంది, తాళంచెవులు గోదాం వాడికి పోతాయి.

అంటే రేపటి నుంచి సాయిలు పొద్దున్నే లేచి వెళ్ళడానికి చోటుండదు. పద్నాలుగేళ్ళప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని ఈ గడప తొక్కాడు. అప్పటినుంచి జ్వరమొస్తే తప్ప ఇంటి దగ్గర పొద్దుపోయేదాకా ఉన్నది లేదు. మగ్గాలు ఆగాక మెషిన్ వచ్చేదాకా కొన్నాళ్ళు ఉండి చూశాడు. ఇల్లు బాలమణిది, బీడీ కార్మికురాలిగా ఆమె పేరున వచ్చింది. ఆమె చాట ముందేసుకుని కూర్చుంటే ఈయన కాళ్ళు ఎక్కడ పెట్టినా ఆకుకు అడ్డమే. సాయం చేస్తానని ఆకు కత్తిరించబోతే వంకర కత్తిరించాడు, కట్టలు కట్టబోతే వదులుగా కట్టాడు. ఊరికే కూర్చుంటే గోడ వైపు చూస్తూ కూర్చున్నావేందని దెబ్బలాడింది. అలాంటి పగళ్ళు ఇంక చావుదాకా అంటే ఆయనకు భయం. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మెషిన్‌ను మాత్రం తిడుతున్నాడు.

నూలు మొత్తం వచ్చేశాక రాడ్డును కిరసనాయిలు గుడ్డతో తుడిచి లేచాడు. లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. సన్నటి మనిషి. మగ్గం హ్యాండిల్ గుంజీ గుంజీ కుడి భుజం ఎడమదాని కంటే కిందికి దిగింది. ఎడమచేతి చిటికెన వేలికి కొస లేదు, అది నాలుగో నంబరు మగ్గం తినేసింది. చెవులను మాత్రం నాలుగు మగ్గాలూ కలిసి పంచుకున్నాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు. కరోనా రోజుల్లో జనమంతా మూతికి గుడ్డలు కట్టుకుంటే ఈయనకు లోకమే మూగబోయింది.

ఓంకార్ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బల్ల తిరిగినప్పుడల్లా ‘టక్’ మనే చప్పుడు వాడికి వినబడుతుంది. సాయిలుకు వినబడదు, అందుకని ఆయన బల్ల మీద అరచెయ్యి ఆనించి పెడతాడు. తిరిగే చోట చేతికి చిన్న కుదుపు తగులుతుంది. చెవి కంటే చెయ్యే నయమని ఆయన వాదన. నయమో కాదో గానీ రోగం తగ్గలేదన్నది మాత్రం ఇద్దరికీ తెలుస్తూనే ఉంది.

పొద్దుటి నుంచి ఏ వైద్యం మిగిలింది కనుక. ఓంకార్ ఆ సందును కొలిచి, తిరిగినప్పుడల్లా అంత ఎక్కువ తిప్పమని కంప్యూటర్‌కు చెప్పాడు. బల్ల నడుమ ఉన్నంతసేపూ అక్షరం బాగా వచ్చింది, అంచుకు పోయేసరికి పొట్ట పొడుచుకొచ్చింది. రాడ్డు నడుమ ఎక్కువ అరిగింది, కొసల్లో తక్కువ అరిగింది. ఒక చోటి కొలత ఇంకోచోట చెల్లదు. అలాగైతే నేను చూస్తానని సాయిలు నట్టును రంపంతో నిలువునా చీల్చి బోల్టుతో నొక్కాడు. నడుమ కుదిరింది, కొసల్లో బిగుసుకుపోయింది. కొంచెం వదిలితే కొసల్లో కుదిరింది, నడుమ మళ్ళీ ఊగింది. ఇల్లలకగానే పండగ కాదని తెలుసు గానీ, ఎంత అలికినా పండగ రాకపోతే ఏ మనిషికైనా ఒళ్ళు మండుతుంది. దానికి తోడు వెనకాల సుత్తి దెబ్బలు. స్క్రాపు వాళ్ళు ఒక్కో ఇనుప చట్రాన్నీ నేలమీద పడేసినప్పుడల్లా సాయిలు అరికాళ్ళు జిల్లుమంటున్నాయి, ములికి వణుకుతోంది. కొత్త రాడ్డు తెప్పిద్దామంటే పుణె నుంచి రావాలి, ఇవాళ్టికి రాదు.

పన్నెండు దాటాక బాలమణి ఓంకార్‌కు ఫోన్ చేసింది. సాయిలుకు ఫోన్‌లో ఏమీ వినబడదు కాబట్టి భార్య తిట్లు కూడా ఇంకొకరి నోటి నుంచే రావాలి. బోర్డు అయిందా అని అడిగిందట. వంకరగా వస్తే దానితోపాటు అక్కడే పడుకోమందట, ఇంటికి రావద్దందట. ఓంకార్ నవ్వాపుకుంటూ చెబుతుంటే, ఇల్లు ఆమెది కాబట్టి ఆమె అనగలదని సాయిలు విసుక్కున్నాడు. రొట్టె డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాడు.

అంతలో శ్రీధర్ సేటు వచ్చాడు. సాయిలు ఈడువాడే. ఇద్దరూ ఈ షెడ్డులోనే పెరిగారు, ఒకడు మగ్గం కింద, ఇంకొకడు గల్లా పెట్టె పక్కన. సేటు చెడిపోయిన పలకలను ఒక్కొక్కటే ఎత్తి చూసి, పొయ్యి కట్టెల్లా ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఆ పేర్చడం తిట్టిన దానికంటే ఎక్కువ తగిలింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సాయిలు చెక్కలో తేమ ఉందని ఏదో అనబోయి, తనకే సిగ్గేసి ఆగిపోయాడు. సేటు లోపలికి పోబోతుంటే మాత్రం ఎదురెళ్ళాడు.

“నాలుగో నంబరు ఆఖరుకు పట్టుమను సేటు. లారీల ఎక్కిచ్చేటప్పుడు నాకు చెప్పు. జరా వచ్చి నిలవడ్త.”

సేటు తలూపాడు. ఎందుకని అడగలేదు. సాయిలు మొదటి చద్దరు నేసింది దాని మీదే అని ఆయనకూ తెలుసు.

ఓంకార్ లాప్‌టాప్ మూసేసి, టీ తాగొస్తానని వెనక షెడ్డు గుండా వెళ్ళాడు. టీ తాగలేదు. కొద్దిసేపటికి ఒక తాడునూ, పెద్ద ఇనుప దిమ్మనూ ఈడ్చుకుంటూ వచ్చాడు. సాయిలుకు చిర్రెత్తింది. ఇనుము అమ్ముకునే రోజున వీడు ఇనుము లోపలికి తెస్తున్నాడు.

ఓంకార్ ఆయన ఎదురుగా వచ్చి, పెదాలు కనబడేలా నిలబడ్డాడు.

“మామ, మగ్గానికి ఈ దిమ్మ ఎందుకు కడ్తరు? పడుగు ఢీలా పడొద్దని గుంజి పెడ్తది కద. బల్లను గూడ గట్లనే ఒక్క దిక్కుకే గుంజి పెడ్తే? ముందట్కి పోనీ, ఎన్కకు రానీ, నట్టు ఎప్పుడు ఒక్క పక్కకే ఆనుకొని ఉంటది. సందు ఉంటే ఉండనీ, దాన్తోని మనకేం పని.”

సాయిలు వాడి పెదాలు ఆగిపోయాక కూడా అలాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రెండు చేతులతో తన తలే మొత్తుకోవాలనిపించింది. బతుకంతా ఆ దిమ్మలు కట్టినవాడు తను. విప్పినవాడు తను. వాటికి కాలు తగిలి గోళ్ళు ఊడగొట్టుకున్నవాడు తను. సందు కనబడితే పూడ్చాలన్న అలవాటు ఒకటి నెత్తికెక్కి కూర్చుంది గానీ, దాన్ని ఒక పక్కకు గుంజి ఊరుకోవచ్చన్న ముక్క తట్టలేదు. మగ్గం కింద పెరిగిన తనకు తట్టనిది, మగ్గం ఒక్క రోజూ నడపని వీడికి తట్టింది. సంతోషపడాలో ఏడవాలో తెలియక తాడు లాక్కున్నాడు.

“గంత పెద్దదా? మోటర్ సచ్చిపోతది. చిన్నది తే, నాలుగో నంబరుకు ఉంటది సూడు. మూల ఇరిగింది.”

ఆ మూల విరగ్గొట్టింది సాయిలే. ఒక ఎండాకాలం సన్న నూలు వచ్చి, దిమ్మ బరువుకు పోగులన్నీ పటపట తెగుతుంటే సుత్తితో ఒక్కటి వేశాడు. శ్రీధర్ సేటు తండ్రి అప్పట్లో చెయ్యెత్తి కొట్టబోయాడు. మర్నాటి నుంచి పోగు తెగలేదు, ఆయన మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఓంకార్ దాన్ని తెచ్చాడు. మెషిన్ అంచున ఒక పాత కొయ్య కండెను మేకుకు గుచ్చి గిలకలా చేశారు. తాడు ఒక కొస బల్లకు, రెండో కొస దిమ్మకు కట్టి కిందికి వదిలారు. బోల్టు వదులు చేసి, కంప్యూటర్‌కు చెప్పిన దొంగ లెక్కలన్నీ తీసేశారు. మిగిలింది ఒక్కటే పలక. ఇది కూడా పోతే చెక్కడానికి చెక్క లేదు, చూపించడానికి మొహం లేదు.

మెషిన్ మొదలైంది. సాయిలు వెనక గుమ్మానికి వీపు పెట్టి వంగి, అరచెయ్యి బల్లకు ఆనించాడు. ‘మా’ దీర్ఘం దగ్గర బల్ల వెనక్కి తిరిగింది. చేతికి ఏమీ తగల్లేదు. తప్పిపోయిందేమోనని చెయ్యి మార్చి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తిరిగింది, నెమ్మదిగా, కుదుపు లేకుండా. దిమ్మ పైకి లేచింది, కిందికి దిగింది. ఓంకార్ చెవులు ఆ ‘టక్’ కోసం తప్ప ఇంక దేనికీ తెరిచి లేవు. ‘ర్కం’ తన చోట తాను కూర్చుంది. ‘డే’ పొట్ట నిండుగా తిరిగింది. ‘హి’ మీద గుడి, ‘ళా’ మెలిక, ఒక్కటొక్కటే చెక్కలోంచి లేస్తున్నాయి. సాయిలు రెప్ప వెయ్యడం మానేశాడు. నడుము పట్టేస్తోంది, అయినా నిటారుగా లేవడానికి ధైర్యం చాలడం లేదు. తను చెయ్యి తీస్తే ఎక్కడ చెడుతుందోనని ఒక పిచ్చి భయం. అరికాళ్ళకు అదురు తగలడం ఎప్పుడు ఆగిందో కూడా గమనించలేదు. ఆయనకు ఇప్పుడు లోకం మొత్తం ఆ ములికి కొస దగ్గర ఉంది.

ఆఖరి ‘ట్’ చెక్కి ములికి పైకి లేచాక ఓంకార్ పొట్టు ఊదేశాడు. సాయిలు కొసలేని చిటికెన వేలితో ‘మా’ నుంచి ‘ట్’ దాకా ప్రతి వంపునూ తడిమి చూశాడు. ‘య’ దగ్గర కాస్త గరుకు, అది కాగితంతో రుద్దితే పోతుంది. మెట్టు ఎక్కడా లేదు.

“అయింది. పో, తీస్కపో. మీ అత్తకు జెప్పు, ఇయ్యాల ఇంటికొస్తనని.”

లోపలి నుంచి వచ్చిన శ్రీధర్ సేటు బోర్డును వెలుతురుకు తిప్పి, కూడబలుక్కుంటూ పైకి చదివాడు. ముందు గది ఉండనీ అన్నాడు. గోదాం వాడికి వెనకది చాల్లే అన్నాడు. ఓంకార్ బోర్డును చద్దరులో చుట్టి స్కూటర్ మీద పెట్టుకుని విడీ ఘర్కుల్ వైపు ఉరికాడు. సాయిలుకు రేపు పొద్దున్నే రావడానికి చోటుంది. మొహం కడుక్కుందామని నవ్వుకుంటూ వెనక షెడ్డులోకి నడిచాడు.

షెడ్డు ఖాళీగా ఉంది. నాలుగు మగ్గాలున్న చోట నాలుగు నల్లటి నూనె మరకలు. వాటి చుట్టూ నేలలోంచి తల బయటపెట్టి మిగిలిపోయిన బోల్టులు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. సందులో లారీ చక్రాల గుర్తులు ఉన్నాయి, లారీ లేదు.

ఆయన కాసేపు నాలుగో మరక దగ్గరే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి చూస్తే సేటు గుమ్మంలో ఉన్నాడు.

“చెప్పమన్న కద సేటు.”

“పిలిచిన సాయిలూ. గీ గడప మీదనే నిలవడి పిలిచిన. దాన్ని ఎత్తేటప్పుడు ఒకసారి, లారీ మోటర్ చాలూ చేసినంక ఒకసారి. నువ్వు తిరగలే. చూడబుద్ది అయితలేదేమో అనుకున్న. ఇంక ఒత్తిడి చెయ్యలే.”

సాయిలు ఆ పెదాలను చివరిదాకా చదివాడు.

“నోటితోని పిలిచినవా సేటు? గీ షెడ్డుల ఎవడన్న ఎవన్నన్న నోటితోని పిలిచిండా ఎన్నడన్న? భుజం మీద తట్టాలె గద.”

నిజమే. మగ్గాలు తిరిగినన్నాళ్ళూ ఈ షెడ్డులో మనిషిని మనిషి గొంతుతో పిలిచింది లేదు. దగ్గరికి నడిచి భుజం తట్టేవాళ్ళు, దూరమైతే దూది ఉండ చేసి విసిరేవాళ్ళు. సేటూ అలాగే పిలిచేవాడు, ఆయన తండ్రీ అలాగే పిలిచేవాడు. మగ్గాలు ఆగిపోయి ఇన్ని నెలలయ్యాక, ఈ నిశ్శబ్దంలో ఎప్పుడో సేటుకు నోటితో పిలిచే అలవాటు పడింది. మగ్గాలు ఆగాయి గానీ, అవి పెట్టిన చెవుడు ఆగలేదని గుర్తు రాలేదు.

సేటు నాలుగడుగులు నడిచి వచ్చి సాయిలు భుజం మీద చెయ్యి వేసి తట్టాడు. ఇప్పుడు తట్టి ఏం లాభమని సాయిలుకు ఒళ్ళు మండింది. ఆ చెయ్యి తీసెయ్యాలని కూడా అనిపించింది. తియ్యలేదు. మనసారా తిట్టడానికి ఇవాళ పొద్దుటి నుంచి వెతుకుతున్న మనిషి ఎదురుగా దొరికాడు, తిట్టు మాత్రం నోటికి రావడం లేదు. కళ్ళు తుడుచుకుంటే నూనె చెయ్యి తగిలి ఇంకా మండాయి.

అక్షరాలు కుదరడం గడప మీంచే చూసి మెషిన్ లారీ ఎక్కించొద్దన్నానని, దిమ్మ ఒకటి తక్కువ వచ్చిందని స్క్రాపువాడు పేచీ పెట్టాడని, ఉండనీలే అని తనే అన్నానని సేటు చెప్పాడు. సాయిలు తలూపి ముందు గదిలోకి వచ్చేశాడు. లాప్‌టాప్ తీగ పీకి చుట్టాడు. తినని రొట్టె డబ్బా సంచిలో వేసుకున్నాడు. మెషిన్ మీద దుమ్ము పడకుండా పాత చద్దరు కప్పాడు, తాడు ఉన్న వైపు మాత్రం చద్దరు కిందిదాకా దిగలేదు. దీపం ఆర్పి, తలుపు దగ్గరికి లాగి, తాళం వేసి వెళ్ళిపోయాడు.

చద్దరు అంచు కింద, నేలకు జానెడు ఎత్తున, మూల విరిగిన ఇనుప దిమ్మ తాడుకు నిలకడగా వేలాడుతూ ఉండిపోయింది.